పలక మీద రాయని పని

ఏసురత్నం గారి మోరిస్ కారు ఛాసీ నంబరు ఎలా చెరిగిపోయిందో ఎవరికీ తెలియదని 1999లో మా ఆఫీసులో అందరూ అనుకున్నారు. నాకు తెలుసు. నేను చెప్పలేదు. ఆ కారు గురించి అనంతపురంలో ఇప్పటికీ రెండు రకాలుగా చెప్పుకుంటారని విన్నాను. ఒకటి మెకానిక్ మాబు మీదికి పోతుంది, రెండోది ఏసురత్నం గారి మీదికే పోతుంది. రెండూ అబద్ధాలే. జరిగింది ఇది.

1998 జూన్‌లో నేను అసిస్టెంట్ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా అనంతపురం వచ్చాను. అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. మా ఉద్యోగమంటే డ్రైవింగు పరీక్ష పెట్టడం, రోడ్డు మీద లారీలు ఆపడం అని చాలామంది అనుకుంటారు. ఇంకో ముఖ్యమైన పని ఉంది. బండిని గుర్తుపట్టడం. ప్రతి బండికీ లోహంలోకి గుద్దిన నంబర్లు రెండుంటాయి. ఒకటి ఇంజన్ మీద, ఒకటి ఛాసీ మీద, అంటే బండి అడుగు చట్రం మీద. ఇంజన్ మార్చుకోవచ్చు, రంగు మార్చుకోవచ్చు, సీట్లు, తలుపులు, చక్రాలు అన్నీ మార్చుకోవచ్చు. ఛాసీ నంబరు మాత్రం అదే ఉండాలి. మా లెక్కలో ఆ నంబరే బండి.

సొంత కారుకు పదిహేనేళ్ళు దాటితే ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకోవాలి. అప్పుడు బండిని ఆఫీసుకు తెచ్చి చూపాలి. మేం ఛాసీ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతాం. అంకెలు కాగితం మీదికి తేలతాయి. దాన్ని పెన్సిల్ ప్రింటు అంటాం. ఆర్సీ పుస్తకంలోని నంబరుతో పోల్చి, ఫైలులో అంటించి, సంతకం పెడతాం. పాత బండ్లలో ఈ నంబరు తుప్పు కింద దాగి ఉంటుంది. అలాంటి బండి వస్తే మేం చెప్పే మాట ఒక్కటే: కిరసనాయిలు పోసి ఒకరోజు నాననివ్వండి, ఇత్తడి బ్రష్షుతో చేత్తో రుద్దండి, మిషను మాత్రం పెట్టొద్దు. వారంలో కనీసం రెండుసార్లయినా నేను ఈ మాట అనేవాణ్ణి.

నా భార్యకు కర్నూలులో టీచరు ఉద్యోగం. నెలకు రెండుసార్లు వెళ్ళి వచ్చేవాణ్ణి. మిగిలిన ఆదివారాలు అద్దె గదిలో గడవడం కష్టంగా ఉండేది. ఆషాఢం గాలి మొదలైతే ఆ ఊళ్ళో తలుపులు పగలూ రేయీ కొట్టుకుంటూనే ఉంటాయి. మబ్బులు వస్తాయి, గాలికి పోతాయి. వేరుశనగ విత్తనం కొని పెట్టుకున్న రైతులు బస్టాండులో నిలబడి ఆకాశం వైపు చూస్తుంటారు. నేను గదిలో కూర్చోలేక, పడుకోలేక, పేపరు మూడోసారి చదవలేక రోడ్డు మీద పడేవాణ్ణి. అలా తిరుగుతున్న ఒక ఆదివారం తాడిపత్రి రోడ్డులో ఒక పాత ఇంజన్ చప్పుడు వినిపించింది. ఈ కాలపు ఇంజన్ కాదు. కుట్టుమిషను నెమ్మదిగా తొక్కుతున్నట్టు ఉంది. ఆ చప్పుడు వెంట పోతే మాబు షెడ్డు వచ్చింది.

షెడ్డంటే పైన జింకు రేకులు, మూడు వైపులా గోడలు. మాబు వారంలో ఆరు రోజులు లారీలు బాగుచేసేవాడు. ఆదివారం మాత్రం లారీని గేటు దాటనిచ్చేవాడు కాదు. ఆ రోజు పాత కార్లది. ఉరవకొండ దగ్గర వేరుశనగ కాయలు ఒలిచే మిల్లున్న ఓబుళరెడ్డి తన పాత అంబాసిడర్‌ను తెచ్చేవాడు. రిటైరైన కాంపౌండరు ఏసురత్నం గారు తన మోరిస్‌ను తెచ్చేవారు. అప్పుడప్పుడు జీపులో ఒకరో ఇద్దరో వచ్చేవారు. నాకు బండి లేదు. ఉత్త చేతులతో వెళ్ళేవాణ్ణి. మొదటిరోజు నన్ను చూసి ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడనుకున్నారు.

"కాగితాలు ఇంట్లో ఉండాయి సార్" అన్నాడు ఓబుళరెడ్డి.

"కాగితాలు వద్దు, పదమూడో నంబరు స్పానరు ఉంటే ఇవ్వండి" అన్నాను.

అంతే, వాళ్ళలో కలిసిపోయాను. "సార్ వారమంతా బండ్లు ఆపుతాడు, ఆదివారం నడిపిస్తాడు" అని ఏసురత్నం గారు నవ్వేవారు.

ఆ ఆదివారాలు ఎలా గడిచేవో చెప్పాలి. ఎనిమిదింటికి ఉగ్గాని, బజ్జీ పొట్లాలు వచ్చేవి. ఓబుళరెడ్డి ఉడకబెట్టిన వేరుశనగ కాయలు సంచితో తెచ్చేవాడు. బానెట్ల మీద పేపరు పరిచి తినేవాళ్ళం. మధ్యాహ్నం దాకా విప్పడం, కడగడం, బిగించడం. సాయంత్రం శింగనమల చెరువు దాకా వరసగా వెళ్ళి రావడం. వెళ్ళిన మూడు బండ్లలో ఒకటి తాడు కట్టించుకునే తిరిగొచ్చేది. ఆ తాడు ఎవరిదన్నది పెద్ద పరువు సమస్య. "పోయిన వారం నన్ను ఈడ్చినావు, ఈ వారం నిన్ను ఈడుస్తా, చెల్లుకు చెల్లు" అని మాబు తన డొక్కు జీపులోంచి రెడ్డిని వెక్కిరించేవాడు.

షెడ్డు బోరు ఎండిపోయి అప్పటికే రెండేళ్ళు. రేడియేటరు నీళ్ళు పారబోయడం అక్కడ నేరం. డబ్బాలోకి పట్టి, గుడ్డతో వడగట్టి, మళ్ళీ అదే బండిలో పోసేవాళ్ళం. ఒకసారి ట్యాంకరు దగ్గరికి బిందెతో పోతున్న పెద్దామె ఆగి చూసింది.

"ఏమప్పా రెడ్డీ, మాకు తాగనీకి బిందెడు నీళ్ళు దొరకవు, నీ ఇనపెద్దుకు రెండు డబ్బాలు తాపుతాండావే?"

"దాని నీళ్ళే పట్టి దానికే పోస్తాండాం లేమ్మా. కొత్తవి కాదు."

"అట్లయితే నా బిందెలో గూడా అట్లనే పట్టి పొయ్యి" అని ఆమె ఆగకుండా పోయింది. 

షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి బండి మీదయినా ఎవరయినా చెయ్యి వేయవచ్చు, కానీ చేసింది పలక మీద రాయాలి. పలకంటే లారీ డోరు రేకుకు నల్లరంగు పూసి గోడకు తగిలించింది. నేను రాకముందు ఒక ఆదివారం మాబు అంబాసిడర్‌లో బ్రేకాయిలు తీసేసి టీకి పోయాడట. ఓబుళరెడ్డికి తెలియక బండి తీసుకుని బయల్దేరి, బ్రేకు పడక నేరుగా కంపలోకి పోయాడట. అప్పట్నుంచి పలక వచ్చింది. రోజు, బండి, చేసిన పని, చివర పేరు. పేరు మరిస్తే మాబు ఒప్పుకునేవాడు కాదు. "పేరు ల్యాకపోతే ఎవుర్ని తిట్టల్ల సార్, గోడనా?" అనేవాడు. వారం వారం తుడిచేసి కొత్తగా రాసేవాళ్ళం.

ఏసురత్నం గారు ఒక మిషన్ ఆసుపత్రిలో నలభై ఏళ్ళు కాంపౌండరుగా చేశారు. అక్కడి డాక్టరమ్మను పల్లెలకు తీసుకుపోవడానికి ఆమె కారు మీదే డ్రైవింగు నేర్చుకున్నారు. ఆమె తన దేశం వెళ్ళిపోతూ కారును ఆయన పేరు మీద మార్చి ఇచ్చారు. ఆయన దాన్ని "అమ్మగారి బండి" అనేవారు, తనదని ఎప్పుడూ అనలేదు. ఆదివారం చర్చి ముగిశాక పదకొండింటికి తెల్ల చొక్కాతో వచ్చి, తలుపు చాటున ఖాకీ చొక్కా మార్చుకుని పనిలోకి దిగేవారు. ఆర్సీ, ఇన్సూరెన్సు, డాక్టరమ్మ రాసిచ్చిన ఉత్తరం ఒక ప్లాస్టిక్ కవరులో ఎప్పుడూ బండిలోనే ఉండేవి. అంత జాగ్రత్త ఎందుకని ఒకసారి అడిగాను.

"మీరెవురూ అడగరు సార్. ఊర్లో అడుగుతారు. కూలోల్ల కొడుకు, కాంపౌండరు, వీనికి కారు యాడిదని. ఇరవై ఏండ్లుగా అడుగుతాండారు. మాటతో చెప్తే నమ్మరు, కాగితం చూపిస్తే నోరు మూస్తారు."

1999 ఆగస్టులో మోరిస్ రెన్యువల్ గడువు వచ్చింది. ఆ బండికి ఇంజన్ వెనక గోడ మీద బిగించిన నంబరు రేకు ఎప్పుడో ఊడిపోయింది. మిగిలింది డ్రైవరు సీటు పక్కన నేలరేకులోకి గుద్దిన అంకెలే. అవి చాప కింద, తుప్పు పొర కింద ఉన్నాయి. కిరసనాయిలు పోసి నానబెట్టమని ఏసురత్నం గారికి నేనే చెప్పాను. మంగళవారం తనిఖీ. ఆయన శనివారం సాయంత్రం బండి షెడ్డులో పెట్టి, నేను చెప్పినట్టే చేసి, పలక మీద రాసి వెళ్ళారు: "శనివారం. మోరిస్. నంబరు మీద కిరసనాయిలు పోసినాను. రేపు చర్చి తర్వాత నేనే రుద్దుకుంటాను. ఏసురత్నం."

ఆదివారం నేను ఏడున్నరకే షెడ్డుకు వెళ్ళాను. మాబు తాళం తీసి, ఉగ్గాని తేవడానికి పోతూ, "కరెంటు ఎనిమిదికి పోతాది సార్, మిషను పని ఏమన్నా ఉంటే అంతలోపలే" అన్నాడు. ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. గాలికి రేకులు దడదడ కొట్టుకుంటున్నాయి. పలక మీద ఆయన రాసింది చదివాను. చదివి కూడా మోరిస్ తలుపు తీశాను. ఆయన వచ్చేసరికి నంబరు తళతళలాడుతూ కనిపిస్తే సంతోషిస్తారనుకున్నాను. సంతోషం సంగతి అలా ఉంచితే, నా చేతులకు పని కావాలి. అసలు కారణం అదే.

పది నిమిషాలు ఇత్తడి బ్రష్షుతో రుద్దాను. మొదటి అంకెలు చక్కగా బయటపడ్డాయి. చివరి మూడింటి మీద తుప్పు పెచ్చు గట్టిగా ఉంది. ఇంకొక అరగంట రుద్దితే వచ్చేది, లేదా ఇంకొక పూట నానితే వచ్చేది. గోడ మీద గడియారంలో ఏడు నలభై ఐదు అయింది. కరెంటు పోతుందన్నది తప్ప నాకేమీ తోచలేదు. గ్రైండింగ్ మిషనుకు రాయి బిగించే ఉంది. పెచ్చును అలా తాకించి తీసేద్దామని పెట్టాను. మూడు నాలుగు సెకన్లు. ఆ పాత రేకులో అంకెల లోతు గోటి మందం కూడా లేదు. పెచ్చుతో పాటు అవీ పోయాయి. చెయ్యి తీసి చూస్తే మూడు అంకెలు ఉండాల్సిన చోట కొత్త రూపాయి బిళ్ళలా నున్నగా మెరుస్తోంది.

అలమరలో రెడాక్సైడు డబ్బా ఉంది. తుప్పు పట్టకుండా పూసే ఎర్రరంగు. బ్రష్షు తీసుకుని ఆ చోటంతా పూశాను. గీసిన రేకు గాలికి తుప్పు పడుతుంది కాబట్టి పూస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మిషను యథాస్థానంలో పెట్టాను. కరెంటు పోయింది.

మాబు పొట్లాలతో వచ్చేసరికి నేను అంబాసిడర్ బానెట్టు ఎత్తి ఉన్నాను.

"ఏం సార్, అప్పుడే చేతులు మసి చేసుకున్నారే?"

"రెడ్డి గారి కార్బురేటరు చూస్తున్నా" అన్నాను. అన్నాక నిజంగానే దాన్ని విప్పి కడిగాను. పలక మీద రాశాను: "ఆదివారం. అంబాసిడర్. కార్బురేటరు కడిగినాను." చివర పేరు కూడా పెట్టాను. మోరిస్ గురించి రాయలేదు.

పదకొండింటికి ఏసురత్నం గారు వచ్చారు. తలుపు తీయగానే ఎర్రరంగు చూశారు.

"మాబూ, దీనికి రంగు నువ్వు పూసినావా?"

"నేను యాడ పూసినా అన్నా? ఆ బండి కాడికే పోల్యా."

ఆయన పలక దగ్గరికి వెళ్ళి చదివారు. తన రాత ఉంది, నా రాత ఉంది, రంగు గురించి ఎవరి రాతా లేదు. "మాబు పూసి మర్సిపోయింటాడు లే. పెండ్లాం పేరు గూడా మర్సిపోయే రకం" అన్నాడు ఓబుళరెడ్డి. అందరూ నవ్వారు. మాబు కూడా నవ్వాడు. రంగు పచ్చిగా ఉండటంతో ఏసురత్నం గారు తాకలేదు. నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగారు.

"సార్, దీని మీద ప్రింటు వస్తాదా?"

"మావాళ్ళు థిన్నరుతో తుడిచి తీసుకుంటారు లెండి" అన్నాను.

అప్పుడు చెప్పి ఉంటే ఇది ఇంత దూరం వచ్చేది కాదు. నంబరు ప్రమాదవశాత్తూ పోతే దానికి పద్ధతి ఉంది. యజమాని, ఆ పని చేసిన మనిషి లిఖితపూర్వకంగా కారణం చెప్పాలి. ఇంజన్ నంబరు, పాత రికార్డు సరిచూసి, ఆర్టీవో అనుమతితో అదే నంబరును మళ్ళీ గుద్దిస్తారు. నెల రోజుల పని. కానీ ఆ కాగితం మీద నా పేరు ఉంటుంది. తనిఖీకి రాబోయే బండి నంబరును సెలవు రోజున ఇన్‌స్పెక్టరే మిషను పెట్టి చెరిపాడని ఉంటుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. ఉద్యోగం పోదని, ఒక మెమో వస్తుందని ఇప్పుడు తెలుసు. అప్పుడు కూడా కూర్చుని ఆలోచించి ఉంటే తెలిసేది.

సోమవారం ఇంకొక పని చేశాను. ఆ బండి నాకు తెలిసిన మనిషిదని, నేను తనిఖీ చేయడం బాగుండదని చెప్పి, ఫైలును నాకంటే జూనియరైన ఇన్‌స్పెక్టరుకు మార్పించాను. ఆఫీసులో దాన్ని నిజాయితీ అన్నారు.

ఆ కుర్రవాడు ఉద్యోగంలోకి వచ్చి రెండు నెలలు. ట్రైనింగులో చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. మంగళవారం థిన్నరుతో రంగు తుడిచాడు. కింద కొత్తగా గీసిన రేకు మెరిసింది. దొంగబండ్లకు నంబరు మార్చేవాళ్ళు చేసే పని సరిగ్గా ఇదే: గీసెయ్యడం, పైన రంగు పూయడం. అతను రిపోర్టులో "చివరి మూడు అంకెలు ఇటీవల మిషనుతో చెరిపి రంగు పూసినట్లు ఉన్నది" అని రాశాడు. రాసిన దాంట్లో ఒక్క తప్పు లేదు. ఆర్టీవో నన్ను గదిలోకి పిలిచారు.

"తెలిసిన మనిషి అన్నారట. ఎంత తెలుసు?"

"ముఖపరిచయం సార్" అన్నాను.

అద్దాల తలుపుకు అవతల బెంచీ మీద ఏసురత్నం గారు ప్లాస్టిక్ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను చూసి సగం లేచారు, నేనేదో సర్దుబాటు చేసి వస్తున్నాననుకుని. నేను ఇంకో తలుపు నుంచి బయటికి వెళ్ళాను.

కేసు పోలీసులకు వెళ్ళింది. బండిని స్టేషను ఆవరణలో పెట్టారు. ఎస్సై షెడ్డుకు వచ్చి పలక చూశాడు. ఆ వారం రాతలు ఇంకా తుడవలేదు. దాని ప్రకారం నంబరు మీద చెయ్యి వేసింది ఏసురత్నం గారు. మిషను మాబుది. నేను కార్బురేటరు కడుగుతున్నాను. మాబును స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టారు. "మిషను నాదే సార్, కానీ నేను పెట్టల్యా" అన్న మాట తప్ప అతను ఇంకో మాట చెప్పలేదట. ఏసురత్నం గారిని అడిగిన ప్రశ్న నాకు తర్వాత ఓబుళరెడ్డి చెప్పాడు. ఆయన ఇరవై ఏళ్ళుగా వింటున్నదే. కాంపౌండరుకు కారెలా వచ్చింది? ఈసారి ఆయన కాగితం చూపించినా ఎవరూ నోరు మూయలేదు. కాగితం మీద ఉన్న నంబరు బండి మీద లేదు కదా.

ఎనిమిది నెలలు పట్టింది. నంబరు గుద్దినప్పుడు కింది లోహం కూడా నొక్కుకుపోతుంది. పైన గీసేసినా, తగిన యాసిడ్ పూస్తే ఆ నొక్కు గుర్తులు కాసేపు లీలగా తేలతాయి. నిపుణుడు వచ్చి అలా చూసి, మూడు అంకెలూ ఆర్సీలో ఉన్నవేనని రాసిచ్చాడు. దొంగబండి కాదని తేలింది. నంబరు మళ్ళీ గుద్దించి బండి వదిలారు. అప్పటికి ఎండకు టైర్లు చీలాయి, సీట్లు పొడి అయ్యాయి, బ్యాటరీ ఎవరో తీసుకుపోయారు. ఆర్సీ పుస్తకంలో "ఛాసీ నంబరు చెరిపివేయబడినందున తిరిగి గుద్దబడినది" అని ఎర్ర సిరాతో రాశారు. ఎవరు చెరిపారో అందులో లేదు. చదివినవాళ్ళు ఎవరి పేరు కావాలంటే వాళ్ళ పేరు అనుకోవచ్చు.

ఏసురత్నం గారు మాబు పేరు అనుకున్నారు. అనుకోక ఏం చేస్తారు? బండి అతని షెడ్డులో ఉంది, మిషను అతనిది. మాబు కళ్ళలోకి చూసి ఒక్కసారి అడిగారట, "పొరపాటున చేసింటే చెప్పు మాబూ, నేనేమీ అనను" అని. చేయని పని మాబు ఎలా ఒప్పుకుంటాడు? "నువ్వు గూడా అట్లే అంటివా అన్నా" అన్నాడట. ఇరవై ఏళ్ళ స్నేహం అక్కడ ఆగింది. మోరిస్ మళ్ళీ ఆ షెడ్డుకు రాలేదు. ఓబుళరెడ్డి రెండు మూడు ఆదివారాలు ఒక్కడే వచ్చి, ఉడకబెట్టిన కాయలు తినేవాళ్ళు లేక సంచి అట్లే తీసుకుపోయాడట. నేను ఆ బండి విడుదల కాకముందే వెళ్ళడం మానేశాను. అలా తాడు కట్టుకుని ఈడ్చుకునే బృందం ఆ ఊళ్ళో మళ్ళీ ఏర్పడలేదు.

2000లో నాకు కదిరి బదిలీ అయింది. ఆదివారాలు అక్కడ ఇంకా అధ్వాన్నంగా గడిచాయి. బస్సు ఎక్కి అనంతపురం దాకా వచ్చి, తాడిపత్రి రోడ్డు మలుపులో దిగి, తిరుగు బస్సు ఎక్కిన రోజులు నాలుగైదు ఉన్నాయి. వారమంతా ఎవరి బండి నంబరు మీద పెన్సిలు రుద్దినా చివరి మూడు అంకెల దగ్గర చెయ్యి ఆగేది. 2004లో మళ్ళీ అనంతపురం వేశారు. ఆ ఆగస్టులో నా బల్ల మీదికి మోరిస్ ఫైలు వచ్చింది. ఐదేళ్ళు నిండాయి, మళ్ళీ రెన్యువల్. ఫైలు మొదటి పేజీలో పాత రిపోర్టు. కొత్త గుమాస్తా దాని మీద పెన్సిలుతో గుర్తు పెట్టి, "పూర్వం నంబరు చెరిపిన కేసు, క్షుణ్ణంగా చూడవలెను" అని రాశాడు. అంటే డెబ్బై ఏళ్ళ మనిషి మళ్ళీ ఆ బెంచీ మీద కూర్చుని, కవరు ఒళ్ళో పెట్టుకుని, బండి ఎక్కడిదో చెప్పుకోవాలి. బతికినంతకాలం ఐదేళ్ళకోసారి చెప్పుకోవాలి.

ఆ రోజు నోట్ ఫైలులో ఐదు వాక్యాలు రాశాను. 1999 ఆగస్టులో ఒక ఆదివారం సదరు వాహనం ఛాసీ నంబరు మీద గ్రైండింగ్ మిషను పెట్టినది నేను. మూడు అంకెలు నా చేతిలో చెరిగినవి. రెడాక్సైడు పూసినది నేను. యజమానికి గాని, మెకానిక్‌కు గాని దీనితో సంబంధం లేదు. అప్పుడు అడిగినా నేను చెప్పలేదు. సంతకం పెట్టి ఆర్టీవోకు పంపాను. తర్వాత రావాల్సినవి వచ్చాయి: ఛార్జి మెమో, విచారణ, వెనక్కిపోయిన ప్రమోషను. వాటి గురించి ఫిర్యాదు లేదు. ఆర్సీలోని ఎర్రసిరా రాత కింద, శాఖ ఉద్యోగి పొరపాటు వల్ల జరిగినదని ఇంకొక వాక్యం చేర్చారు.

ఈ ఉదంతం నాకు ఉద్యోగంలో నేర్పింది ఒకటే. తనిఖీ చేసేవాడికి తెలిసిన కారణం రిపోర్టులో లేకపోతే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. దగ్గర్లో ఉన్న బలహీనుడి పేరు అందులోకి వస్తుంది. 2011లో స్వచ్ఛందంగా పదవీ విరమణ చేసేదాకా కొత్త ఇన్‌స్పెక్టర్లకు ఈ ఫైలే చూపించి, నా పేరుతో సహా చెప్పేవాణ్ణి.

2004లో ఆ ఫైలు పంపిన వారం, ఆదివారం చర్చి వదిలాక ఏసురత్నం గారి ఇంటికి వెళ్ళాను. ఆయన తెల్ల చొక్కాతో వసారాలో కూర్చున్నారు. నిలబడే అంతా చెప్పాను. ఆయన చివర ఒకటే అడిగారు.

"మాబుకు చెప్పినారా?"

సార్ అనలేదు. ఇంకా చెప్పలేదన్నాను. ఆయన లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి, "ఎక్కండి" అన్నారు.

మోరిస్ తాడిపత్రి రోడ్డు ఎక్కింది. కుట్టుమిషను చప్పుడు అలాగే ఉంది. దారంతా నేను కాళ్ళ దగ్గర చాప వైపు చూడకుండా బయటికి చూస్తూ కూర్చున్నాను. షెడ్డు గేటు ముందు ఆపి హారను కొట్టారు. మాబు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎవరి బండో చూసి, గేటు దగ్గరే నిలబడిపోయాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది.

"ఈయన నీకేందో చెప్పల్లంట. ఇను" అన్నారు ఏసురత్నం గారు.

చెప్పాను. మాబు నావైపు కాకుండా ఆయన వైపే చూస్తూ విన్నాడు.

"అయిదేండ్లన్నా. రంజానుకు సేమియా పంపిస్తే తిప్పి పంపిస్తివి" అన్నాడు.

"అవును. పంపిస్తి" అన్నారు ఆయన.

మాబు లోపలికి వెళ్ళాడు. పలక గోడకు అట్లాగే ఉంది. లారీల పనులేవో రాసి ఉన్నాయి. చేత్తో సగం తుడిచి, సుద్దముక్క నా చేతికి ఇచ్చాడు. నేను రాశాను: "1999 ఆగస్టు, ఆదివారం. మోరిస్. నంబరు మీద మిషను పెట్టినాను. మూడు అంకెలు పోయినాయి. చెప్పకుండా రంగు పూసినాను."

ఇద్దరూ చదివారు.

"పేరు రాయల్యా" అన్నాడు మాబు.

పేరు రాశాను. సుద్ద కింద పెట్టి ఇద్దరి వైపూ తిరిగాను.

"ఏసురత్నం గారూ, మాబూ, ఆ పని చేసింది నేను, దాచింది నేను. మిమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టింది, నిన్ను స్టేషన్లో కూర్చోబెట్టింది, మీ ఇద్దరి మధ్య ఐదేళ్ళు మాట లేకుండా చేసింది నేను. క్షమించమని అడుగుతున్నాను."